దీపధారిణి ఒడిలో మూగజీవాలు

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే, రాత్రివేళ దీపం చేతబూని క్షతగాత్రుల మంచాల నడుమ సంచరించిన మూర్తి స్ఫురిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఆమెను అక్కడే నిలిపివేశాయి. 1856లో యుద్ధం ముగిసిన పిదప ఆమె మరి 54 సంవత్సరాలు జీవించారనీ, అందులో అధికభాగం పడకగదిలో పిల్లుల సాంగత్యంలో గడిచిందనీ ఎరిగినవారు తక్కువ.

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల దంపతులకు ఆమె జన్మించారు. ఊరి పేరే బిడ్డ పేరైంది. ఆమె కన్యగా ఉన్ననాడు, ఆకతాయి పిల్లలు రువ్విన రాళ్లకు ఒక గొఱ్ఱెల కాపరి కుక్క కాలు దెబ్బతిన్నదట. ఇక పనికిరాదని కాపరి దానిని చంపబూనగా, ఆమె వేడి కాపడం పెట్టి బ్రతికించారు. ఆమె తొలి రోగి ఆ కుక్కయే అని జీవితచరిత్రకారులు ముచ్చటగా చెబుతారు.

1850లో గ్రీసు దేశయాత్రలో, ఏథెన్స్‌లో పిల్లల చేతికి చిక్కి అవస్థపడుతున్న ఒక గుడ్లగూబ పిల్లను ఆమె విడిపించారు. మనవారు అపశకునమని తలచే ఆ పక్షి గ్రీకులకు జ్ఞానదేవత అథీనా చిహ్నం. ఆ దేవత పేరే దానికి పెట్టి, జేబులో ఉంచుకొని తిరిగేవారు. నాలుగేండ్లు గడిచాయి. 1854 అక్టోబరులో 38 మంది నర్సులతో యుద్ధభూమికి బయలుదేరే సన్నాహాలలో ఇంటిల్లిపాదీ మునిగిపోగా, అటకగదిలో ఉంచిన అథీనాను పట్టించుకున్నవారు లేరు. అది మరణించింది. వేలాది సైనికుల ప్రాణరక్షణకు పయనమైన ఆమె, ఆ చిన్ని కళేబరాన్ని చేతిలోనికి తీసుకొని కంటతడి పెట్టారు. మరుసటి ఏడు ఆమె యుద్ధభూమిలో జ్వరపీడితురాలై కోలుకుంటున్నప్పుడు, సోదరి పార్థినోప్ ఆ పక్షి కథను బొమ్మలతో వ్రాసి పంపారు.

ఆ జ్వరం ఆమెను పూర్తిగా విడువలేదు. అది పశువుల పాల ద్వారా సంక్రమించే బ్రూసెల్లోసిస్ కావచ్చునని తరువాతి వైద్యుల ఊహ. 1859 నాటి ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు చక్కని తోడని ఆమె వ్రాశారు. అప్పటికామెకు 39 ఏండ్లు మాత్రమే. ఆ దీర్ఘరోగి తానే అయ్యారు. జీవితకాలంలో 60కి పైగా పిల్లులను పెంచారంటారు. వాటికి బిస్మార్క్, గ్లాడ్‌స్టన్ వంటి రాజకీయ ప్రముఖుల పేర్లు! సిరాలో అడుగుపెట్టి కాగితాలపై నడిచిన వాటి పాదముద్రలు ఆమె లేఖలపై కనిపిస్తాయి.

పడక మీదనుండే ఆమె భారతదేశపు పారిశుద్ధ్య నివేదికలు పరిశీలించారు. ఈ గడ్డపై అడుగు పెట్టకపోయినా, కరవుకు నీటిపారుదలయే మందని వాదించారు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నెరపి, ఆయన పక్షాన నిలిచారు.

1910 ఆగస్టు 13న, 90వ ఏట లండన్‌లోని స్వగృహంలో ఆమె కన్నుమూశారు. ఘనమైన వెస్ట్‌మినిస్టర్ ఆబీ సమాధిని బంధువులు నిరాకరించి, స్వగ్రామ సమీపంలోని చర్చి ఆవరణలోనే ఖననం చేశారు. భద్రపరచిన అథీనా దేహం నేటికీ లండన్‌లోని ఆమె స్మారక మ్యూజియం సేకరణలో ఉంది.