లెక్కలు తెలిసిన నర్సు

నైటింగేల్ అనగానే చేతిలో దీపం ఉన్న బొమ్మే గుర్తొస్తుంది మనకి. ఆమె లెక్కల మనిషి కూడా అని స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది. ఊరి పేరే ఆమె పేరైంది. కలిగిన ఇంగ్లిష్ కుటుంబం. నర్సు పనంటే ఆ రోజుల్లో చిన్నచూపు. ఇంట్లో వద్దంటే వద్దన్నారు. ఏళ్ల తరబడి పట్టుబట్టి, 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో శిక్షణ తీసుకుంది.

1854లో క్రిమియా యుద్ధం. 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారీ మిలిటరీ ఆసుపత్రికి వెళ్లింది. రాత్రింబవళ్లు చాకిరీ చేసినా ఆ చలికాలమంతా చావులు పెరుగుతూనే పోయాయి. తిండీ బట్టా సరిగ్గా లేక, సైనికులు సగం ప్రాణంతో రావడం వల్లే ఇలా అవుతోందని ఆమె అనుకుంది. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగు చేయించాక చావులు బాగా తగ్గాయి.

1856లో ఇంగ్లాండ్ తిరిగొచ్చి, గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి రికార్డులు ముందేసుకుని కూర్చుంది. గాయాల కన్నా, ఆపగలిగిన రోగాలతోనే ఎక్కువమంది పోయారని తేలింది. పైగా చావుల్లో స్కుటారీయే ముందుంది. అంటే తను ప్రాణం పెట్టి పనిచేసిన చోటే! ఎంత బాధేసి ఉంటుందో. కానీ ఆమె ఆ లెక్కని దాచలేదు. 1858లో రంగుల చార్టుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది.

రికార్డులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే పోల్చలేమని ఆమెకి అర్థమైంది. అన్ని ఆసుపత్రులకీ ఒకే రకం ఫారాలు ఉండాలని 1860లో ప్రతిపాదించింది. మన దేశంలోని సైనిక స్థావరాలకీ ప్రశ్నల ఫారాలు పంపించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక చెప్పింది. ఇండియాలో ఒక్కసారి కూడా అడుగుపెట్టకుండానే, ఇక్కడి నీళ్లూ మురుగూ గురించి దశాబ్దాల పాటు రాసింది. 1910 ఆగస్టు 13న కన్నుమూసింది.

ఇవాళ వార్డులో నర్సు బీపీ, జ్వరం కంప్యూటర్‌లో ఎక్కిస్తోందంటే అది ఆ ఫారాల దారే. రేపు ఆ స్క్రీన్లు తయారుచేసేది మనలోనే ఎవరో ఒకరు. ఆ నర్సుకి నమోదు చేసే గడి ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. తన వార్డు లెక్క తనే చూసుకునే వీలు కూడా ఇవ్వండి.