సర్ జైల్స్ గిల్బర్ట్ స్కాట్

దేవాలయమును విద్యుత్కేంద్రమును సమానమైన శ్రద్ధతో నిర్మించిన యొక వాస్తుశిల్పి చరిత్రమును మా బాలబాలికలకును వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

సర్ జైల్స్ గిల్బర్ట్ స్కాట్ 1880వ సంవత్సరము నవంబరు 9వ తేదీని లండను నగరమున జన్మించెను. ఈయన తాతయు తండ్రియు పేరుగాంచిన వాస్తుశిల్పులు. అయితే తండ్రి మనోవ్యాధికి లోనగుటచే బిడ్డల పెంపకము తల్లిపై బడెను.

1903లో లివర్‌పూల్ నగరమున ఆంగ్లికను సంఘమువారు కట్టదలచిన కతీడ్రలు కొరకు జరిగిన పోటీలో స్కాట్ నమూనా యెన్నికయ్యెను. అప్పటికాయన వయస్సు 22 ఏండ్లు. పైగా రోమను కథోలికుడు. నిర్వాహకులు సందేహించి, వృద్ధుడగు బాడ్లీ యను శిల్పిని జతగా నియమించిరి. ఇరువురకును పొత్తు కుదరలేదు. స్కాట్ పని విడువదలచిన సమయముననే, 1907లో, బాడ్లీ మరణించెను. పిమ్మట స్కాట్ తన నమూనాను తానే దిద్దుకొని, 1910లో జంట గోపురములకు బదులు నడుమ నొకే గోపురముండునట్లు మార్చెను. మెప్పు పొందిన పనిని తానే తప్పుపట్టుకొనుట యెంత కష్టమో ఉపాధ్యాయులమగు మేమెరుగుదుము.

1924లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ఇంగ్లండు వీథులలోని యెర్రని టెలిఫోను గది కూడ ఆయన కల్పనయే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము థేమ్సు నది దక్షిణతీరమున, బ్యాంక్‌సైడునందు, విద్యుత్కేంద్రమొకటి కట్టుపని స్కాటునకు వచ్చెను. ఆవలి యొడ్డున సెంటుపాల్ కతీడ్రలు గలదు. దాని కెదురుగా పొగగొట్టము లేచుట పలువురకు రుచింపలేదు. స్కాట్ ఒక్క పొగగొట్టమునే నడుమ నిలిపి, 99 మీటర్ల యెత్తుతో, కతీడ్రలు శిఖరముకంటె తక్కువగ నుంచెను. సుమారు 42 లక్షల యిటుకలతో గోడలను దేవాలయపు గోడలవలె గంభీరముగా దీర్చెను. 1947లో ఆరంభమైన పని 1963లో ముగిసెను. స్కాట్ 1960 ఫిబ్రవరి 8వ తేదీననే కాలధర్మము నొందెను.

చమురు ధరలు పెరుగుటచే 1981లో కేంద్రము మూతబడెను. ఏండ్ల తరబడి పాడువడియున్న దానిని కూలద్రోయుదురేమో యను భయము కలిగెను. 1994లో టేట్ చిత్రశాలవారు నవీన కళాప్రదర్శనకు దానిని యెన్నుకొనిరి. స్విట్జర్లండు దేశీయులగు హెర్జోగ్, డి మ్యూరాన్ అను శిల్పులు ఇటుక గోడలను పొగగొట్టమును అట్లే యుంచిరి. యంత్రములను తొలగించి, టర్బైను శాలను 35 మీటర్ల యెత్తుగల మహామంటపముగ విడిచిరి. బాయిలర్లుండిన చోట అంతస్తులుగా ప్రదర్శనశాలల నేర్పరచిరి. పైకప్పుమీద గాజు కట్టడమును జేర్చిరి. 2000వ సంవత్సరము మే 12వ తేదీన ప్రజలకు ద్వారములు తెరువబడెను. మొదటి యేటనే 50 లక్షలకు మించిన జనులు దర్శించిరి.

లివర్‌పూల్ కతీడ్రలు 1978లో గాని పూర్తికాలేదు. దాని పశ్చిమద్వారము వెలుపలనే స్కాట్ సమాధి గలదు. దావీదు సామగ్రి కూర్పగా ఆలయమును కట్టుట సొలొమోను వంతాయెను గదా! స్కాట్ తన రెండు మహానిర్మాణముల పూర్తిని చూడలేదు. తన విద్యుత్కేంద్రము చిత్రశాల యగునని తలపనైన లేదు. యంత్రములకేగదా యని గోడలను అశ్రద్ధగా కట్టియుండినచో, 1981 తరువాత వానిని కాపాడవలెనని యెవరికి తోచియుండును? ఎవరును మెచ్చరని తలచి చిన్నపనిని చులకన చేయు విద్యార్థి ఈ గోడలను జ్ఞాపకముంచుకొనునుగాక.