వోల్గా కరవులో ప్రభుత్వాల వాకిళ్లు తట్టిన నాన్సెన్

1921 సెప్టెంబర్ 30న జెనీవాలో, నానాజాతి సమితి సభలో ఫ్రిట్యాఫ్ నాన్సెన్ కోరింది 50 లక్షల పౌండ్లు. ఒక యుద్ధనౌక నిర్మాణ వ్యయంలో అది సగమేనని ఆయన లెక్క చెప్పారు. అర్జెంటీనాలో కొనేవారు లేని మొక్కజొన్న రైలింజన్లలో ఇంధనమవుతోందని, ఓడలు రేవుల్లో పనిలేక నిలిచి ఉన్నాయని, వోల్గా తీరంలో లక్షలాది మంది ఆకలితో అలమటిస్తున్నారని వివరించారు. సభ సానుభూతి తెలిపింది. సొమ్ము మాత్రం ఇవ్వలేదు.

నార్వేలో 1861 అక్టోబర్ 10న జన్మించిన నాన్సెన్‌కు అప్పటికే ప్రపంచఖ్యాతి ఉంది. 1888లో గ్రీన్‌లాండ్ మంచు మైదానాన్ని స్కీలపై దాటారు. ‘ఫ్రామ్’ నౌకాయాత్రలో, 1895లో, అంతవరకూ ఎవరూ చేరనంత ఉత్తరానికి వెళ్లారు. నార్వే స్వతంత్ర రాజ్యమయ్యాక లండన్‌లో దాని తొలి దౌత్య ప్రతినిధిగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం సమితి తరఫున 4 లక్షలకు పైగా యుద్ధఖైదీలను స్వదేశాలకు చేర్చారు. మాస్కోలోని బోల్షివిక్ ప్రభుత్వంతో ఆయనకు పరిచయం ఏర్పడింది ఆ పనిలోనే.

కరవు అనగానే మన చూపు ముందు ఆకాశం వైపు వెళుతుంది. రష్యాలోనూ వర్షాభావం నిజమే. కానీ అంతర్యుద్ధం, రైతుల నుంచి బలవంతపు ధాన్య సేకరణ అంతకుముందే గాదెలను ఊడ్చేశాయి. అనేక చోట్ల విత్తనాలకూ గింజలు మిగల్లేదు. 1921 ఆగస్టులో రెడ్‌క్రాస్ సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు జెనీవాలో సమావేశమై సహాయ కార్యక్రమాల కమిషనర్‌గా నాన్సెన్‌ను ఎన్నుకున్నాయి. ఆయన వెంటనే మాస్కో వెళ్లి సోవియట్ విదేశాంగ కమిసార్ చిచెరిన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. పంపిణీలో సోవియట్ అధికారులకు ఎక్కువ పాత్ర ఇచ్చారన్న విమర్శ ఆయనను చివరి వరకూ వెంటాడింది.

ఆహారం పంపితే బోల్షివిక్కులు బలపడతారన్నది పలు ప్రభుత్వాల అనుమానం. అది పూర్తిగా నిరాధారమని చెప్పలేం. 1922 చివరి నెలల్లో, విదేశీ సహాయం ఇంకా అందుతుండగానే, మాస్కో ధాన్యం ఎగుమతికి పూనుకుంది. అయితే 1921 చలికాలంలో ఆ అనుమానానికి మూల్యం చెల్లించిన పల్లెజనానికి మాస్కో నిర్ణయాలతో ప్రమేయమే లేదు.

ప్రభుత్వాలు కాదన్నాక నాన్సెన్ ప్రజలను ఆశ్రయించారు. స్వయంగా వోల్గా ప్రాంతంలో తిరిగి, అక్కడి ఛాయాచిత్రాలతో దేశదేశాల్లో ఉపన్యసిస్తూ విరాళాలు సేకరించారు. విచిత్రమేమిటంటే, సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించని అమెరికాయే అందరికంటే ఎక్కువ ఇచ్చింది. ఆ డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ 2 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. పంపిణీపై పట్టు తన సంస్థ చేతిలోనే ఉంచుకున్న హెర్బర్ట్ హూవర్ యంత్రాంగం 1922 వేసవి నాటికి రోజూ సుమారు కోటి మందికి అన్నం పెట్టింది. నాన్సెన్ సమీకరించగలిగింది అందులో చిన్న భాగమే. ఆ కరవులో సుమారు 50 లక్షల మంది మరణించారని అంచనా.

1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ సొమ్మును సహాయ కార్యక్రమాలకే ఇచ్చేశారు. దేశం కోల్పోయిన శరణార్థులకు ఆయన పేరిట ప్రయాణపత్రాలు జారీ అయిందీ ఆ ఏడాదే. నాన్సెన్ 1930 మే 13న కన్నుమూశారు. నార్వే జాతీయ దినమైన మే 17న అంత్యక్రియలు జరిగాయి.