మట్టి ఆకలిని గుర్తించిన ఆల్బర్ట్ హోవర్డ్

అడవిలో ఎవరూ ఎరువు వేయరు. అయినా చెట్లు ఏటేటా పచ్చగా పెరుగుతాయి. పక్కనే ఉన్న మెట్ట పొలం మాత్రం ఎరువు వేయకపోతే ఏడాదికేడాది బలం కోల్పోతుంది. ఈ తేడాకు కారణం వెతికి, రైతుకు ఒక దారి చూపిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

హోవర్డ్ 1873లో ఇంగ్లండులో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివారు. 1905లో మన దేశానికి వచ్చి, బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరారు. ఆయన భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. ఇద్దరూ కలిసి మేలైన గోధుమ రకాలను రూపొందించారు. అక్కడి రైతులు మందులు చల్లకుండానే ఆరోగ్యమైన పైర్లు పండించడం ఆయన గమనించారు. వారికి నేర్పే ముందు వారి దగ్గర నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

1924లో ఆయన ఇండోరులోని కొత్త పరిశోధన సంస్థకు డైరెక్టరు అయ్యారు. అది నల్లరేగడి ప్రాంతం. పత్తి, జొన్న, కంది ఎక్కువగా వాన మీదే ఆధారపడి పండేవి. పేడలో చాలా భాగం పిడకలై పొయ్యిలోకి పోయేది. పొలం నుంచి తీసుకున్నది పొలానికి తిరిగి చేరేది కాదు.

ఇందువల్ల నష్టమేమిటి? ఆకులు, వేళ్లు, పేడ కుళ్లి నేలలో సేంద్రియ పదార్థంగా మారతాయి. అందులో సుమారు సగం కర్బనమే. మొక్కలు గాలి నుంచి తీసుకున్న కర్బనం ఈ విధంగా నేలలో నిలువ ఉంటుంది. అది నేలను గుల్లగా ఉంచుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లుతుంది. పచ్చిక బయలులో గడ్డివేళ్లు ఆ పని చేస్తాయి. దున్నిన పొలంలో గాలి, వేడి తగిలి సేంద్రియ పదార్థం త్వరగా తరిగిపోతుంది. అందులోని కర్బనం తిరిగి గాలిలో కలుస్తుంది. అందుకే మన మెట్ట పొలాలు చాలావాటిలో కర్బనం తక్కువ. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపు ఉంటే తక్కువగా లెక్కిస్తారు.

పేడ తక్కువ, చెత్త ఎక్కువ. కాబట్టి చెత్తనే ఎరువుగా మార్చాలని హోవర్డ్ ఆలోచించారు. చైనా రైతుల పాత పద్ధతి ఆయనకు తోడ్పడింది. గట్టి పత్తి కట్టెను, కంది కట్టెను బండ్ల బాటపై పరిచి, చక్రాల కింద నలగనిచ్చారు. రెండడుగుల లోతు గుంటలో ఆ చెత్తను, పేడను, పశువుల మూత్రం ఇంకిన మట్టిని, బూడిదను పొరలుగా వేసి తడిపారు. గాలి తగిలేలా మూడుసార్లు తిరగవేశారు. సుమారు మూడు నెలల్లో మంచి ఎరువు తయారైంది. దీనికే ఇండోరు పద్ధతి అని పేరు వచ్చింది. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఈ పద్ధతిని పుస్తకంగా ప్రచురించారు.

అంతకు ముందు ఏడాదే గాబ్రియెల్ మరణించారు. 1931లో హోవర్డ్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, 1947లో చనిపోయేవరకు ఇదే విషయాన్ని ప్రచారం చేశారు. రసాయన ఎరువులను ఆయన గట్టిగా వ్యతిరేకించారు. నేటి శాస్త్రవేత్తలు చాలామంది సేంద్రియ ఎరువులతోపాటు రసాయన ఎరువులను కూడా తగు మోతాదులో వాడమంటారు. అయితే, నేల నుంచి తీసుకున్నదాన్ని నేలకు తిరిగి ఇవ్వాలనే ఆయన మాటను ఎవరూ కాదనరు. వేడి ప్రాంతాల్లో కర్బనం నెమ్మదిగా పెరుగుతుంది. ఒక్క ఏడాది ఎరువు వేసి ఆపితే చాలదు.

ఆలోచించండి: మీ ఊరి పొలాల్లో పంట కోశాక మిగిలిన కట్టెను, ఆకును ఏం చేస్తున్నారు? కాలుస్తున్నారా, నేలకు చేరుస్తున్నారా?