చదరంగ ప్రవీణుడు బొలెస్లావ్‌స్కీ

1919 జూన్ 9న ఉక్రెయిన్‌లోని జొలొతొనోషలో జన్మించిన ఐజాక్ బొలెస్లావ్‌స్కీ ప్రపంచ చదరంగ కిరీటానికి పోటీపడే అర్హతను తృటిలో పోగొట్టుకొన్నారు. 1950లో బుడాపెస్ట్‌లో జరిగిన అర్హత పోటీలో ఆయన 18 ఆటలాడి 6 గెలిచారు, 12 డ్రా చేసుకొన్నారు, ఒక్కటైనను ఓడలేదు. అయినను మిత్రుడు బ్రోన్‌స్టెయిన్ చివరి ఆటలో కెరెస్‌పై నెగ్గి ఆయనతో సమానమయ్యారు. మాస్కోలో వారిద్దరికీ తిరిగి పోటీ జరుగగా, ఒక్క పాయింటు తేడాతో బ్రోన్‌స్టెయిన్‌కే విజయం లభించింది.

బొలెస్లావ్‌స్కీ కీర్తికి అసలు ఆధారం ప్రారంభపు ఎత్తులపై ఆయన సాగించిన పరిశోధన. సిసిలియన్ రక్షణలో నల్లపావులతో ఆడేవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపితే, మంత్రి ముందరి బంటు ఇతర బంట్ల ఆసరా కోల్పోతుంది; దాని ఎదుటి గడి తెల్ల గుర్రానికి నెలవవుతుంది. దీనిని పెద్ద లోపమని నాటి పండితులు తలచేవారు. ఆ లోపానికి బదులుగా పావులకు లభించే చలనస్వేచ్ఛయే మిన్న యని ఆయన ఆడి నిరూపించారు. ఆ పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉన్నది.

మిన్‌స్క్‌లో స్థిరపడిన పిమ్మట ఆయన పెట్రోస్యాన్‌కు సహాయకులయ్యారు. తమకు దక్కని కిరీటాన్ని 1963లో పెట్రోస్యాన్ గెలుచుకొనుటకు ఆయన జ్ఞానం తోడ్పడింది. 1977 ఫిబ్రవరి 15న బొలెస్లావ్‌స్కీ కన్నుమూశారు. 1984లో ఆయన కుమార్తెను బ్రోన్‌స్టెయిన్ వివాహమాడారు.