పూత మందు వెనక మన సుబ్బారావు గారు



సాగర్ ఎడమ కాలువ కింద ఏళ్ల తరబడి ఎండలో పనిచేసిన పెద్దవాళ్లు హాలియాలో మీ ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల కింది పెదవి మీదో, బట్టతల మీదో, ముంజేతి మీదో గరుకుగా, పొలుసులుగా మచ్చ లేచి నెలలు గడిచినా మానకపోతే చర్మ డాక్టరుకు చూపించండి. ఎండకు దెబ్బతిన్న ఇలాంటి మచ్చల్లో కొన్ని మెల్లగా క్యాన్సర్‌గా మారతాయి. నల్లని చర్మానికి ఈ ముప్పు తక్కువ. పుట్టుకతోనే చర్మంలో రంగు లేనివారికి చాలా ఎక్కువ.

వీటికి డాక్టర్లు రాసే పూత మందుల్లో ఒకటి ఫైవ్-ఫ్లోరోయురాసిల్ క్రీమ్. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోబోతే ఒక తెలుగువారి పేరు ఎదురవుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మీద మనసు నిలవక, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నతనంలో ఇల్లు విడిచారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది.

అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులూ ఆ ప్రయోగశాలలోనే పుట్టాయి. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వాడినవి అవే. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. 1948 ఆగస్టులో, స్వదేశం తిరిగి చూడకుండానే, 53 ఏళ్లకు ఆయన కన్నుమూశారు.

పైన చెప్పిన క్రీమ్‌లోని మందు ఆయనది కాదు. 1957లో హైడెల్‌బర్గర్ బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. కానీ రెండూ దెబ్బకొట్టేది ఒక్కచోటే. కణం రెండుగా చీలాలంటే డి.ఎన్.ఏ.కు థైమిన్ కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైముకు ఫోలిక్ యాసిడ్ నుంచి వచ్చే పదార్థం తోడుండాలి. మెథోట్రెక్సేట్ ఆ తోడును అందనివ్వదు. ఫ్లోరోయురాసిల్ ఎంజైమునే బిగించేస్తుంది. వేగంగా పెరిగే చెడ్డ కణాలు ముందుగా చస్తాయి.

అందుకే క్రీమ్ రాసిన చోట ఎర్రబడి, మండి, పొక్కు కడుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు రాయమంటారు. ఆపాక కొన్ని వారాల్లో కొత్త చర్మం వస్తుంది. మంట చూసి భయపడి చాలామంది సగంలో వదిలేస్తారు. ఆపాలో కొనసాగించాలో డాక్టరునే అడగండి. సొంతంగా కొని రాయవద్దు. గర్భిణులు అసలు వాడకూడదు. ఎండలోకి వెళ్లేటప్పుడు తలపాగా, నిండు చేతుల చొక్కా మరవద్దు.

ఈసారి ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర గీత కనిపిస్తే, మీ అబ్బాయినో అమ్మాయినో కోప్పడే ముందు, మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఈ భీమవరం కుర్రాణ్ణి ఒకసారి తలుచుకోండి.