గాయనీమణి లోటే లేమాన్

జర్మను భాషలో 'లీడ్' అను పేరుగల గీతజాతి యొకటి కలదు. కవి వ్రాసిన చిన్న ఖండికను స్వరకర్త గైకొని, ఒక కంఠమునకును ఒక పియానోకును సరిపడునట్లు కూర్చును. అందులో రంగస్థలము లేదు, వేషము లేదు, వాద్యబృందము లేదు. పియానో కేవలము పక్కవాద్యమువలె గాయకుని వెంబడించుటతో తృప్తిచెందదు. సెలయేటి పరుగును, రాట్నపు తిరుగుడును, మంచులో నడచు బాటసారి అడుగుల సడిని అదియే వినిపించును. షూబర్టు, షూమన్, బ్రామ్స్, హ్యూగో వుల్ఫ్ మున్నగువారు 19వ శతాబ్దిలో ఈ ప్రక్రియకు ప్రాణము పోసిరి. తరువాతి శతాబ్దిలో ఆ గీతములను గ్రామఫోను రికార్డులపై నిలిపి, జర్మను భాష ఎరుగనివారి హృదయములకు సైతము చేర్చిన గాయనులలో లోటే లేమాన్ అగ్రగణ్యురాలు. ఆమె గాత్రము సొప్రానో, అనగా స్త్రీకంఠములలో పైస్థాయికి చెందినది.

ఆమె 1888వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన, బెర్లినుకును హాంబర్గుకును నడుమనున్న పెర్లెబెర్గు అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి చిరుద్యోగి. నెలజీతముతో సంసారము నడపుకొను గృహస్థునకు, కుమార్తె పాటవలన బ్రదుకగలదన్న నమ్మకము ఎట్లు కలుగును? ఏదియో యొక స్థిరమైన కొలువులో ఆమె కుదురుకొనవలెనని ఆయన కోరిక. అయినను కుటుంబము బెర్లిను చేరిన పిమ్మట ఆమె సంగీత విద్యాలయమున ప్రవేశించెను. అటుపిమ్మట ఎటెల్కా గెర్‌స్టర్ అను ప్రఖ్యాత గాయని నడుపు పాఠశాలలో చేరెను. ఉపాధ్యాయులు గమనింపదగిన ఘట్టమిది. ఆ పాఠశాల పద్ధతి ఆమె గొంతుకు ఒదుగలేదు. సాధన చేసినకొలదియు కంఠము విచ్చుకొనుటకు మారుగా బిగిసికొనిపోయెను. తుదకు ఆమెకు ప్రతిభ లేదని నిశ్చయించి, పాఠశాలనుండి పంపివేసిరి.

అప్పుడామెను ఆదరించినది మటిల్డా మాలింగర్. 1868లో వాగ్నర్ రచించిన 'మైస్టర్‌జింగర్' తొలి ప్రదర్శనమున నాయికగా పాడిన విదుషీమణి ఆమె. ఒకరు పనికిరాదని త్రోసివేసిన కంఠమును మరియొకరు చేరదీసి సరిదిద్దిరి. 1910లో లేమాన్ హాంబర్గు నాటకశాలలో ఉద్యోగము సంపాదించెను. మొదట దొరకినవి రెండు మూడు పంక్తులు పాడు చిల్లర వేషములే. 1912లో ఆటో క్లెంపరర్ అను యువ సంగీతదర్శకుడు 'లోహెంగ్రిన్' నాటకమున ఎల్సా పాత్రను ఆమెకు ఇచ్చెను. ఆ రాత్రితో ఆమె భాగ్యము మారెను. 1916 నాటికి ఆమె వియన్నా రాజాస్థాన సంగీత నాటకశాలలో స్థిరపడెను.

వియన్నాలో రిచర్డ్ స్ట్రౌస్ తన 'అరియాడ్నే' నాటకమును తిరుగవ్రాసి ప్రదర్శనకు సిద్ధము చేయుచుండెను. అందలి యువ స్వరకర్త పాత్రకు నిర్ణయింపబడిన గాయని ఒక అభ్యాసమునకు రాలేకపోయినది. ఆమెకు బదులుగా నిలిచి పాడిన లేమాన్ కంఠము స్ట్రౌసు చెవిన పడెను. పాత్ర ఆమెకే దక్కెను. 1916 అక్టోబరు 4వ తేదీన జరిగిన ఆ ప్రదర్శనముతో ఆమె పేరు నగరమంతట వ్యాపించెను. అనంతరము స్ట్రౌసు రచించిన 'నీడలేని స్త్రీ' 1919లో వియన్నాలోను, 'ఇంటర్‌మెట్సో' 1924లో డ్రెస్డెనులోను మొదటిసారి ఆడినపుడు ముఖ్య పాత్రలు ఆమెవే. ఆయనదే 'రోజెన్‌కవలియర్' నాటకమున మూడు ప్రధాన స్త్రీకంఠ పాత్రలను ఆమె వేర్వేరు కాలములందు పాడెను. వానిలో మార్షలిన్ అను ప్రభువుల ఇంటి ఇల్లాలి పాత్ర ఆమె పేరుతో పెనవేసికొనిపోయినది. అద్దములో తన ముఖమును చూచికొని, కాలము గడచిపోవుచున్నదని గ్రహించి, ప్రేమించినవానిని పరిత్యజించు స్త్రీ ఆ మార్షలిన్.

ఆమె రికార్డుల చరిత్ర 1914లో మొదలైనది. ఆనాడు మైక్రోఫోను లేదు. గాయకులు పెద్ద కొమ్మువంటి గొట్టములోనికి పాడగా, ఆ శబ్దపు ఒత్తిడియే మైనపు పలకపై గీతలు గీచెడిది. 1925 ప్రాంతమున విద్యుత్పద్ధతి వచ్చి నాదము స్పష్టపడినను, పలక నిడివి పెరుగలేదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పలకపై ఒక ప్రక్కకు నాలుగైదు నిమిషములకు మించి పట్టదు. తప్పు దొరలినచో దిద్దుటకు వీలులేదు. క్రొత్త పలక పెట్టి మొదటినుండి పాడవలసినదే. పియానోతో మాత్రమే పాడవలసిన లీడ్ గీతములకు చిన్న వాద్యబృందమును జతచేయు దురాచారము కూడ ఆనాటి కంపెనీలకు ఉండెను. షూమన్ రచించిన 'స్త్రీ ప్రేమ, జీవితము' అను ఎనిమిది గీతముల మాలికను లేమాన్ 1928లో ఆ విధముగనే పాడెను. కంఠము నిండు యౌవనమున ఉన్నది. కాని చుట్టునున్న ఫిడేళ్ళ తియ్యదనము చెవికి వెగటు గొలుపును.

నాటకమున ఆరితేరిన గాయని లీడ్ పాడుట సులువని తలంపరాదు. నాటకశాలలో వేలమందికి వినిపింపవలెను. లీడ్‌లో ఒక్కరికి చెప్పుకొనవలెను. తొలిదినములలో తాను ఈ భేదమును గుర్తింపలేదని ఆమెయే తరువాత ఒప్పుకొనెను. గుర్తింపజేసినవాడు బ్రూనో వాల్టర్. మహా సంగీతదర్శకుడైన ఆయన సాల్జ్‌బర్గు ఉత్సవములలో స్వయముగ పియానో వాయించుచు ఆమెచే పాడించెను. పదము నుండి స్వరము పుట్టవలెను గాని, స్వరమునకు పదమును తగిలింపరాదన్నది ఆయన సాహచర్యమున ఆమె నేర్చిన పాఠము. ఆ సాల్జ్‌బర్గులోనే 1936లో ఆమె ఒక గృహస్థ కుటుంబము పాడుట విని, వారిని పాటల పోటీలో పాల్గొనుడని ప్రోత్సహించెను. వారే ట్రాప్ కుటుంబము; 1965 నాటి 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' చలనచిత్రమునకు మూలమైనది వారి కథయే.

ఇంతలో దేశకాలములు వికటించెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ప్రష్యా ప్రభుత్వ నాటకశాలలు గోరింగు చేతిలో ఉండెను. 1934లో ఆయన లేమాన్‌ను బెర్లినుకు పిలిపించి మాటాడెను. ఇకమీదట జర్మనీలో తప్ప అన్యత్ర పాడరాదను షరతుతో గొప్ప కానుకలు చూపగా తాను త్రోసిపుచ్చితినని ఆమె అనంతర కాలమున చెప్పుకొనెను. లోకమును అట్లే నమ్మెను. కాని 2008లో మైఖేల్ కేటర్ అను చరిత్రకారుడు ఆనాటి లేఖలను పరిశీలించి వ్రాసిన జీవితచరిత్రలో ఇది ఇంత సూటియైన కథ కాదని తేల్చెను. పారితోషికమును గూర్చియు షరతులను గూర్చియు బేరసారములు జరిగినవట. అవి చెడిపోవుటతోనే ఆమెకు జర్మనీ ద్వారములు మూసికొనినవట. వీరగాథకంటె ఈ నిజము చిన్నదే. దీనివలన ఆమె అనంతరము పడిన బాధ మాత్రము అబద్ధము కాజాలదు. భర్త ఆటో క్రౌజె మొదటి భార్య యూదజాతి స్త్రీ. కనుక ఆయన సంతానము నలువురును నాజీ చట్టముల వాతబడువారు. 1938 మార్చిలో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోగా, రెండు దశాబ్దులకు పైగా తనను నెత్తిన పెట్టుకొన్న వియన్నాను విడిచి ఆమె అమెరికాలో తలదాచుకొనెను. క్షయరోగ పీడితుడైన భర్త 1939 జనవరిలో మరణించెను. ఆమె వయస్సు అప్పటికి ఏబదియొకటి నిండవచ్చినది.

అమెరికా ఆమెకు క్రొత్త గాదు. 1930లో చికాగోలోను, 1934లో న్యూయార్కు మెట్రోపాలిటన్ నాటకశాలలోను తొలిసారి పాడెను. రెండు చోట్లను వాగ్నర్ రచనలోని సీగ్లిండే పాత్రయే. కాని వలసవచ్చిన పిమ్మట నాటకములకంటె గీతసభలే ఆమెకు ఆధారమయ్యెను. పియానో వాదకుడు పాల్ ఉలనోవ్‌స్కీ ఆమెకు నీడవలె తోడుండెను.

ఆ కాలముననే షూబర్టు 1827లో స్వరపరచిన 'శీతకాల యాత్ర' గీతములు ఇరువదినాలుగింటిని ఉలనోవ్‌స్కీతో ఆమె రికార్డు చేసెను. 1940లో ఒక కంపెనీకి పదునొకటి, 1941లో మరియొక కంపెనీకి తక్కినవి. ప్రేమ విఫలమై, ఊరు విడిచి, మంచులో ఒంటరిగా నడచిపోవు యువకుని గీతములవి. పురుషుని పాటను స్త్రీ పాడవచ్చునా యని ఆక్షేపించినవారు కలరు. ఊహాశక్తి గల గాయనికి పురుషుని వేదన అందరానిదేమియు కాదని ఆమె సమాధానము. గీతములకు తగిన చిత్రములను సైతము ఆమె స్వయముగ గీచెను. ఇల్లువాకిళ్ళు లేని బాటసారి గోడును వెలివడిన గాయని పాడినది. వినువారికి స్త్రీపురుష భేదము తోచదు.

1941లోనే బ్రూనో వాల్టర్ మరల ఆమెకు పియానో వాయించెను. ఆయన యూదుడు. 1933లో జర్మనీనుండియు, 1938లో ఆస్ట్రియానుండియు తరుమబడి, కాలిఫోర్నియాలో కాపురముండెను. ఇట్టి ఇరువురు కలిసి, పదుమూడేండ్ల క్రిందట ఫిడేళ్ళ నడుమ చిక్కుపడిన 'స్త్రీ ప్రేమ, జీవితము' మాలికను తిరిగి పాడిరి. షామిస్సో కవి వ్రాసిన ఈ గీతములలో ఒక స్త్రీ ప్రియుని తొలిసారి చూచుట, ఉంగరము తొడుగుకొనుట, బిడ్డను ఎత్తుకొనుట వరుసగా వచ్చి, చివరి గీతమున భర్త చనిపోవును. అచ్చట కంఠము క్రిందికి దిగి దాదాపు మాటగా మారి ఆగిపోవును. పిమ్మట పియానో ఒక్కటియే మొదటి గీతపు సంగీతమును మెల్లగ వినిపించును. 1928 నాటి రికార్డులో ఇది చక్కని పాట. 1941 నాటి రికార్డులో ఒక విధవరాలి మాట. వాల్టర్ వ్రేళ్ళు అక్కడక్కడ తడబడును. ఆమె ఊపిరి పూర్వమువలె నిలువదు; పదముల నడుమ తరచుగ శ్వాస తీసికొనుట స్పష్టముగ వినవచ్చును. పైస్థాయి స్వరములను పట్టుటలో కొంత ప్రయాస కలదు. కంఠనిర్దుష్టతయే గీటురాయి యగునేని ఈ రికార్డు ఓడిపోవును. అయినను రెంటిని ప్రక్కప్రక్కన వినిన విద్యార్థి, సాహిత్యార్థము గానమున ఎట్లు నిలుచునో రెండవదాని నుండియే నేర్చుకొనగలడు. అదే ఏట హైనే కవితలకు షూమన్ కూర్చిన 'కవి ప్రేమ' మాలికను కూడ వీరిరువురును రికార్డు చేసిరి.

1945లో ఆమె అమెరికా పౌరురాలయ్యెను. ఆ ఏటనే మార్షలిన్ పాత్రతో మెట్రోపాలిటన్ వేదికకు స్వస్తి చెప్పెను. 1951 ఫిబ్రవరి 16వ తేదీన న్యూయార్కు టౌన్‌హాలులో గీతసభ జరుగుచుండగా, ఇది ఆ నగరమున తన చివరి సభయని ఆమె వేదికపైనుండి ప్రకటించెను. ముందుగ తెలియని శ్రోతలు వలదని కేకలు వేసిరి. మార్షలిన్‌వలె తానును అద్దములో చూచుకొంటిననియు, వేళ వచ్చినదనియు ఆమె విన్నవించెను. తుదిగీతముగ, షూబర్టు తన మిత్రుడు షోబర్ కవితకు 1817లో కూర్చిన 'సంగీతమునకు' అను పాట నెత్తికొనెను. కడపటి పలుకుల వద్ద గొంతు పూడుకొనిపోగా ఆమె ముఖము కప్పుకొనెను. ఉలనోవ్‌స్కీ పియానోపై పాటను ముగించెను. ఆ సభయంతయు రికార్డు చేయబడినది.

ఆమె శేషజీవితము కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో గడచెను. అచ్చటి ఇంటికి ఓర్ప్‌లిడ్ అని పేరు పెట్టుకొనెను. అది మోరికె కవి కల్పించిన ద్వీపము పేరు. హ్యూగో వుల్ఫ్ గీతమొకటి దానిని గూర్చినదే. 1947లో ఏర్పడిన పశ్చిమ సంగీత విద్యాపీఠపు స్థాపకులలో ఆమె యొకతె. అచ్చట 1961 వరకు బోధించెను. శిష్యుల ఎదుట తాను నోరు విప్పి పాడుటకంటె, పదముల నుచ్చరించి, చేయి కదిపి, చూపు నిలిపి చూపించుట ఆమె పద్ధతి. ఒకనాడు ప్రతిభ లేదని వెళ్ళగొట్టబడిన ఆమె, శిష్యుల విషయమున ఆ పొరపాటు చేయకుండ మెలగెను. ఆమె శిక్షణ పొందిన నీగ్రోజాతి గాయని గ్రేస్ బంబ్రీ 1961లో బైరాయిట్ ఉత్సవమున వీనస్ పాత్ర పాడి చరిత్ర సృష్టించెను. అచ్చట ముఖ్యపాత్ర పాడిన నల్లజాతివారిలో ఆమెయే మొదటిది.

యుద్ధమున ధ్వంసమైన వియన్నా నాటకశాలను 1955లో తిరిగి తెరచినపుడు లేమాన్‌ను గౌరవ అతిథిగ ఆహ్వానించిరి. 1976 ఆగస్టు 26వ తేదీన శాంటా బార్బరాలో, తన ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున ఆమె కన్నుమూసెను. ఆమె అస్థికలను వియన్నా కేంద్ర శ్మశానవాటికలో, ఆ నగరము తన ప్రముఖులకు కేటాయించిన చోట సమాధి చేసిరి.